ఎద్దు ఊరికే ఆగదు

  ఈ వారం మనం ధ్యానించే భాగం ఆదికాండం 33వ అధ్యాయంలో ఉంది. అక్కడికి వెళ్ళేముందు ఈ సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. మా పెద్దవాడిని అడిగాను. "రాసుకో డాడీ" అన్నాడు. వాడు సరేనన్నాడు కాబట్టే రాస్తున్నాను.

కిందటి మార్చిలో అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ఉంటున్న మన సంఘపు సహోదరి ఒకరు నా ఫోనుకి ఒక వీడియో పంపారు. ఆ ఊళ్ళో ఏటా మార్చిలో రోడియో అని పెద్ద పశువుల పండుగ జరుగుతుంది. మదించిన గిత్త మీద మనిషి ఎక్కి, ఒంటి చేత్తో తాడు పట్టుకుని, అది ఎగిరి గంతులేస్తుంటే ఎనిమిది సెకన్లు కిందపడకుండా ఉండాలి. అయిదారేళ్ళ పిల్లలకైతే గొర్రెలు. తలకు హెల్మెట్ పెట్టి గొర్రె వీపు మీద పడుకోబెట్టి వదిలేస్తారు. అది నాలుగు అడుగులు పరుగెత్తేలోపు పిల్లలు జారి పడిపోతారు, జనం చప్పట్లు కొడతారు. ఒకటో తరగతి చదువుతున్న మా చిన్నది ఆ వీడియోని ఏడాదంతా చూసింది. చూసిన ప్రతిసారీ ఒకటే మాట. "మనకి లేదా డాడీ ఇలాంటిది?"

మనకెందుకు లేదు? సంక్రాంతి వచ్చిందంటే గుడివాడలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఒంగోలు జాతి ఎడ్లకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. గుండ్లకమ్మ, పాలేరు నదుల మధ్య నేల ఆ జాతికి పుట్టిల్లు. తెల్లటి ఒళ్ళు, ఎత్తైన మూపురం, కిందికి వేలాడే గంగడోలు. పాతకాలంలో ఓడల మీద బ్రెజిల్ దేశానికి వెళ్ళిన ఈ పశువుల్ని అక్కడివాళ్ళు మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. అమెరికాలో బ్రాహ్మణ్ అనే జాతిని తయారు చేసినప్పుడు కలిపిన మన దేశపు పశువుల్లోనూ ఇది ఒకటి. రోడియోలో ఎగిరే గిత్తల్లో చాలావాటికి ఆ బ్రాహ్మణ్ రక్తం ఉంటుంది. అంటే మా చిన్నది ఫోనులో చూసిన గిత్త మన ఎడ్లకు దూరపు చుట్టమే. ఆ మాట చెప్పేసరికి ఇక ఆగలేదు. "మన చుట్టాల్ని చూడ్డానికి వెళ్దాం" అంది.

అలా కనుమ రోజున బయలుదేరాం. కనుమ నాడు కాకి కూడా ఊరు కదలదని మన పెద్దలు అనేవారు. మనం ఆ పట్టింపులు పెట్టుకోం గానీ, ఆ మాట వల్ల ఒక మేలు జరిగింది. రైలు ఖాళీగా ఉంది. నేను, మా ఆవిడ, చిన్నది. ముగ్గురమే.

మా పెద్దవాడిని తీసుకెళ్ళలేదు. వాడు పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. డిసెంబరు పరీక్షల్లో లెక్కల్లో 100కి 41 వచ్చాయి. ఎనిమిదో తరగతి దాకా తొంభై తగ్గని పిల్లవాడు. ఆ ప్రోగ్రెస్ కార్డు చూసిన రాత్రి నేను వాడి మీద చెయ్యి చేసుకున్నాను. ఆ తర్వాత నెల రోజులుగా తెల్లవారుజామున నాలుగింటికి లేపడం, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టడం, పక్కవీధి పిల్లవాడి మార్కులు చెప్పడం. పండుగ మూడు రోజులూ పుస్తకం వదలడానికి వీల్లేదన్నాను. మేము బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు గానీ, వస్తానని అడగలేదు. అడగకపోవడం క్రమశిక్షణ అనుకున్నాను. ప్రియులారా, కొన్నిసార్లు పిల్లలు అడగడం మానేస్తే అది విధేయత కాదు. అడిగి లాభం లేదని తెలుసుకోవడం.

చిలకలపూడి స్టేషన్లో ఎక్కి పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటుకుంటూ గుడివాడలో దిగాం. దారి పొడుగునా కోసిన వరి మోళ్ళ మధ్య మినుము పచ్చగా లేస్తోంది. ఒకటి రెండు చోట్ల ఇంకా కుప్పలు ఉన్నాయి. అంత పొలంలో నాగలికి కట్టిన ఎద్దు ఒక్కటీ కనిపించలేదు. ట్రాక్టర్లు, కోత మిషన్లు. "చుట్టాలు ఏరి డాడీ?" అని చిన్నది కిటికీలోంచి వెతుకుతూనే ఉంది.

గుడివాడ నుంచి ఆటోలో ఒక ఊరికి వెళ్ళాం. ఊరి బయట పొలంలో బరి. ఒక పక్క కొబ్బరాకుల పందిరి కింద కోడి పందేలు జరుగుతున్నాయి. ఆ వైపు చూడకుండా పిల్లని ఎత్తుకుని ఇటు వచ్చేశాను. పోటీకి వచ్చిన జతల్ని చెట్ల కింద వరసగా కట్టారు. కడిగిన ఒళ్ళు, నూనె రాసిన కొమ్ములు, మెడలో మువ్వలు. ఉలవలు నానబెట్టిన బకెట్లు. ఒక్కో జత దగ్గర ఒక కుటుంబం మొత్తం ఉంది. పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, చివరికి సీనియర్లు. క్వింటాళ్ళ బరువున్న రాతి బండను కాడికి కడతారు. ఇచ్చిన సమయంలో జత ఆ బండను ఎన్ని అడుగులు లాగితే అన్ని అడుగులూ లెక్క. టేపు పెట్టి కొలిచి, వేదిక పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు. మా ఆవిడ కూర్చున్న చోటి నుంచే అంకెలన్నీ చదివి చిన్నదానికి చెబుతోంది.

మొదటి రెండు గంటలూ మాకు పండగే. మైకులో ఆయన జత పేరు, ఊరి పేరు చెబుతుంటే జనం ఈలలు. బండ కదిలినప్పుడు నేల మీద వచ్చే ఆ బరబరమనే చప్పుడుకి చిన్నది చెవులు మూసుకుని నవ్వింది.

మధ్యాహ్నం నాలుగు పళ్ళ విభాగంలో ఒక జత వచ్చింది. బాగానే లాగుతున్నాయి. ఇంకా రెండు నిమిషాలు ఉందనగా ఎడమవైపు ఎద్దు ఆగిపోయింది. పక్కన పరుగెత్తే మనుషులు అరిచారు. ఒకతను తోక మెలిపెట్టాడు. ఎద్దు ముందుకు వంగి ముందరి మోకాళ్ళ మీద కూలబడింది. అప్పుడు కర్ర లేచింది. ఒకటి, రెండు, మూడు. జనం కూడా అరుస్తున్నారు. నేను కూడా "లెగు, లెగు" అంటున్నాను.

మా చిన్నది నా చొక్కా పట్టుకుని లాగింది. "డాడీ, అది లెగలేనంటుంటే కొడతారేంటి?"

నేను బరి మీద నుంచి కళ్ళు తిప్పకుండా అన్నాను. "కొడితేనే కదమ్మా లెగుస్తుంది."

అది మళ్ళీ ఏమీ అడగలేదు. ఎద్దు లేచింది. ఇంకో ఇరవై అడుగులు లాగింది. బల్ల మీద అంకె మారింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాతి జతను ఒక పెద్దాయన తోలుకొచ్చాడు. అరవై దాటి ఉంటాయి. ఆయన వెనక నుంచి తోలడు. ముందు నడుస్తూ వెనక్కి తిరిగి వాటిని పేర్లతో పిలుస్తాడు. చేతిలో కర్ర ఉంది గానీ, ఎక్కువసేపు చంకలోనే ఉంది. సగం సమయం అయ్యాక కుడివైపు ఎద్దు నిలబడిపోయింది. ఆయన దాని ముందుకు వచ్చి గంగడోలు నిమిరాడు, వంగి కాళ్ళు చూశాడు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. తర్వాత వేదిక వైపు చెయ్యెత్తి, చాలన్నట్టు ఊపాడు. ఇంకా సమయం ఉందని మైకులో చెబుతున్నారు. కుర్రాళ్ళు గేలి చేశారు. ఆయన పట్టించుకోకుండా బండ విప్పించి ఎడ్లను చెట్టు కిందికి తోలుకెళ్ళాడు.

నాకు ఎందుకో ఆయనతో మాట్లాడాలనిపించింది. వెళ్ళాను. ఆయన ఎద్దు ఒళ్ళు తుడుస్తున్నాడు. "ఇంకొంచెం లాగేవేమో కదా పెద్దాయనా" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. "లాగేది బాబూ. అది లాగమంటే లాగుద్ది, చచ్చేదాకా లాగుద్ది. దానికి వద్దనడం రాదు. మనమే చూసుకోవాలి" అన్నాడు. చిన్నదాన్ని దగ్గరికి పిలిచి, ఎద్దు మూపురం మీద చెయ్యి వేయించాడు. "భయపడమాక అమ్మాయ్, చిన్నపిల్లలంటే దీనికి ఇష్టం" అన్నాడు.

ఆ మాటతో మా నాన్న గుర్తొచ్చాడు. మీలో పెద్దవాళ్ళకు ఆయన తెలుసు. దివిసీమలో ఒక రైతు దగ్గర పాలేరుగా ఉండి, 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత బతుకుదెరువు కోసం ఇటు వచ్చాడు. ఆయనకు సొంత ఎద్దు ఎన్నడూ లేదు. తోలిన ఎడ్లన్నీ ఇంకొకరివే. కానీ వాటి పేర్లు చనిపోయేదాకా చెప్పేవాడు. ఆయన ములుగర్ర మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉండేది. మన బైబిలు మునికోల అంటుందే, అదే. దాని చివర మేకు ఉండేది కాదు, గుంట మాత్రమే ఉండేది. ఆయనే పీకేశాడు. కారణం ఒకసారి చెప్పాడు. రాత్రిపూట ధాన్యం బండి తోలుకొస్తుంటే కాలవగట్టు మీద ఎద్దు ఆగిపోయిందట. పొడిచాడట. కదల్లేదు. మళ్ళీ పొడిచాడట. చివరికి లాంతరు పట్టుకుని దిగి చూస్తే, గిట్టల సందున తుమ్మముల్లు నిలువునా దిగి ఉందట. "ముల్లు ఉన్న ఎద్దుని ముల్లుతో పొడిచాను రా" అని చెప్పి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "ఎద్దు ఊరికే ఆగదు. ఆగిందంటే దిగి చూడు."

ఈ మాటను ప్రసంగాల్లో నేను రెండు మూడుసార్లు వాడుకున్నాను కూడా. వాడుకోవడం వేరు, వినడం వేరు.

సాయంత్రం రైలుకి ఇంటికి వచ్చేశాం. పెద్దవాడు లోపల గదిలో చదువుతున్నాడు. నేను కాళ్ళు కడుక్కుని, పడక్కుర్చీలో వాలాను. వసారాలో చిన్నది ఆట మొదలుపెట్టింది. రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు పక్కపక్కన పెట్టి, వాళ్ళమ్మ చున్నీతో కట్టింది. వెనక బియ్యం డబ్బా. అది బండ. చేతిలో కొబ్బరి ఈన. ఎడ్ల పోటీ ఆడుకుంటోందని నవ్వుకుంటూ చూస్తున్నాను.

ఒక స్టూలు పక్కకి పడిపోయింది. అది ఈనతో దాన్ని కొట్టింది. కొడుతూ ఏమందో తెలుసా?

"లెగు! నాలుగైంది లెగు! ఆ పక్కవీధి వాడిని చూడు, వాడికి ఎంతొచ్చాయో! సిగ్గు లేదూ నీకు? నీకోసం మేం ఎంత కష్టపడుతున్నాం! లెగు!"

ఆ మాటలు పోటీలో ఎవరూ అనలేదు. అక్కడి తోలేవాళ్ళు వేరే కేకలు వేశారు. ఆ మాటలు నావి. ఒక్క అక్షరం పొల్లు పోకుండా నావి. నా గొంతు ఎలా పెరుగుతుందో కూడా అలాగే పెంచింది. తర్వాత స్టూలుని లేపి నిలబెట్టి, నా వైపు తిరిగి, పాఠం బాగా వచ్చిన పిల్లలాగా అంది. "కొడితేనే లెగుస్తుంది కదా డాడీ?"

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ విన్నది. లోపలి గదిలో పేజీ తిప్పే చప్పుడు కూడా ఆగిపోయింది. వాడూ విన్నాడు.

నేను ఆదివారం ఆదివారం మిమ్మల్ని నిలబడమని చెప్పే మనిషిని. ఆ సాయంత్రం కుర్చీలోంచి లేవడానికి నాకు చాలాసేపు పట్టింది.

ప్రియులారా, ఇప్పుడు ఆదికాండం 33 తెరవండి. యాకోబు ఇరవై ఏళ్ళ తర్వాత అన్నను కలుసుకున్నాడు. కౌగిలించుకున్నారు, ఏడ్చారు. ఏశావు, పద కలిసి పోదాం, నేను ముందు నడుస్తాను అన్నాడు. ఆయన వెంట నాలుగు వందల మంది మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నడక వేరు. 13, 14 వచనాల్లో యాకోబు ఇచ్చిన జవాబు చూడండి. పిల్లలు లేతవాళ్ళని, మందలో పాలిచ్చే తల్లులు ఉన్నాయని, ఒక్క దినం గట్టిగా తోలితే మంద మొత్తం చచ్చిపోతుందని చెప్పాడు. మీరు ముందు వెళ్ళండి, నేను నా ముందున్న మంద నడకను బట్టి, పిల్లల నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు.

ఈ భాగాన్ని సెమినరీలో చదివాను, పరీక్ష రాశాను. కానీ రెండు సంగతులు ఈ కనుమ దాకా నా కంట పడలేదు. ఒకటి, పశువుల్నీ పిల్లల్నీ యాకోబు ఒకే మాటలో కలిపి చెప్పాడు. పశువుని తోలే పద్ధతి ఒకటి, పిల్లల్ని నడిపే పద్ధతి ఇంకొకటి అనుకోలేదు. తోలే చెయ్యి ఒకటే. సామెతలు 12:10లో నీతిమంతుడి గుర్తుగా తన పశువు ప్రాణాన్ని పట్టించుకోవడం చెప్పారంటే అందుకేనేమో. రెండోది, ఈ మాట చెప్పినప్పుడు యాకోబు కుంటుతున్నాడు. ముందు అధ్యాయంలోనే కదా ఆయన తొడగూడు వసిలింది. తానే కుంటుతున్న మనిషికి, నడవలేనివాళ్ళ నడక అర్థమైంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు లాబాను కింద పగలు ఎండకూ రాత్రి మంచుకూ పనిచేసి, గట్టిగా తోలబడడం ఎలా ఉంటుందో చూసినవాడు. అదే పద్ధతిని తన పిల్లల మీద మళ్ళీ పెట్టలేదు.

నేను పెట్టాను. నన్ను మా పంతుళ్ళు కొట్టి చదివించారు, అందుకే ఇలా అయ్యానని చెప్పుకుంటూ నేను కూడా పెట్టాను.

సంఖ్యాకాండం 22లో బిలాము గాడిద సంగతి కూడా మీకు తెలుసు. అది మూడుసార్లు ఆగింది. ఒకసారి పొలంలోకి తిరిగింది, ఒకసారి గోడకు ఒరుసుకుంది, మూడోసారి ఆయన కింద కూలబడింది. మూడుసార్లూ దెబ్బలే. దారిలో కత్తి దూసి నిలబడిన దూత గాడిదకు కనిపించాడు. ప్రవక్తకు కనిపించలేదు. దేవుడు దాని నోరు తెరిచినప్పుడు అది అడిగింది ఒకటే, నన్నెందుకు కొట్టావని. మా చిన్నది బరి పక్కన అడిగింది కూడా అదే. ఆ రోజు నేను బిలాము జవాబే ఇచ్చాను.

ఆ రాత్రి పెద్దవాడి గదిలోకి వెళ్ళాను. వాడు నన్ను చూసి పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. క్షమించమని అడిగాను. ఇన్నేళ్ళ పరిచర్యలో ఎంతోమందిని ఒకరినొకరు క్షమించుకోమని చెప్పాను గానీ, సొంత కొడుకు ముందు ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత బరువో అప్పుడు తెలిసింది. వాడు తల ఎత్తలేదు. పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. కాసేపటికి అన్నాడు. "ఏ జత గెలిచింది డాడీ?"

"చూడలేదురా. వచ్చేశాం. సీనియర్లు రేపంట. వెళ్దామా?"

"చదువుకోవాలిగా" అన్నాడు. అది నిజంగా అన్న మాటో, నన్ను పరీక్షించడానికి అన్న మాటో తెలియలేదు. ఆ అనుమానం వాడిలో పెట్టింది నేనే.

ముక్కనుమ రోజున మేమిద్దరమే వెళ్ళాం. చిన్నది ఏడ్చింది గానీ, వాళ్ళమ్మ సర్దిచెప్పింది. ముందురోజు కూర్చున్న చోటే కూర్చున్నాం. సీనియర్ల జతలంటే ఏనుగు పిల్లల్లా ఉన్నాయి. పెద్దవాడు నెల రోజుల తర్వాత నోరు విప్పి మాట్లాడుతున్నాడు. మూడో జత దిగాక నన్ను అడిగాడు. "ఎంత రాశారు డాడీ?"

"బల్ల మీద ఉందిగా, చూడు."

కళ్ళు చిట్లించి చూశాడు. "ఏదో ఉంది. తెల్లగా."

ఆ నల్లబల్ల మాకు ఇరవై అడుగుల దూరంలో లేదు. నలభై దాటిన నా కళ్ళకే ప్రతి అంకె కనిపిస్తోంది.

"నీకు కనిపించట్లేదా?"

వాడు మాట్లాడలేదు. ఇంకో జత బరిలోకి దిగింది. బండ కదిలిన చప్పుడులో, నాకు వినపడితే పడింది లేకపోతే లేదన్నట్టు అన్నాడు. "తొమ్మిదో తరగతి నుంచీ అంతే డాడీ. ఈ సంవత్సరం నా వరస చివరి బెంచీ. సారు చెప్పేది రాసుకుంటాను, లెక్కలైతే బోర్డు మీదే చేస్తారు. పక్కవాడి దాంట్లో చూసి రాసుకునేవాణ్ణి. డిసెంబరులో వాడు బడికి రావడం మానేశాడు."

"నాతో చెప్పొచ్చు కదరా."

"ఫోను చూసి కళ్ళు పాడు చేసుకున్నావని తిడతావనుకున్నాను."

తిట్టేవాడినే. నేను తిట్టేవాడినని మీ ముందు ఒప్పుకుంటున్నాను. గిట్టలో ముల్లు దిగిన ఎద్దుని తీసుకుని, ఆ గదిలో నెల రోజులు ముల్లుతో పొడిచాను. అది కదల్లేదంటే మొండితనం అన్నాను. ఆగిన చోట ఒక్కసారి దిగి చూడలేదు. మా నాన్న చదువుకోలేదు, లాంతరు పట్టుకుని దిగి చూశాడు. నేను డిప్లొమా చదివాను, దిగలేదు.

మర్నాడే బందరులో కళ్ళ డాక్టరుకి చూపించాం. రెండు కళ్ళకూ దూరపు చూపు తగ్గింది. కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని బయటికి రాగానే ఎదురుగా ఉన్న వేపచెట్టు వైపు చూస్తూ నిలబడిపోయాడు. "ఆకులు విడివిడిగా ఉన్నాయి డాడీ" అన్నాడు. మార్చిలో వాడికి లెక్కల్లో ఎన్ని వస్తాయో నాకు తెలియదు. నాలుగింటికి లేపడం మానేశాను. వాడే అయిదింటికి లేస్తున్నాడు. కొన్ని రోజులు లేవడం లేదు కూడా.

ఇది చదివి, అయ్యగారు ఎడ్ల పోటీలు తప్పని చెబుతున్నారని అనుకోకండి. దాని మీద పెద్ద వాదనలే జరిగాయి. జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేల కేసులో సుప్రీంకోర్టు 2014 మే 7న ఒద్దంది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను 2023 మే 18న చెల్లుతాయంది. పశువుకి బాధ అని ఒకరు, పోటీలు లేకపోతే ఆ జాతిని పెంచేవాడే ఉండడని ఒకరు. రెండిటిలోనూ నిజం ఉంది. ఒకే బరిలో కర్ర ఎత్తినవాడినీ చూశాను, బండ విప్పినవాడినీ చూశాను. ఇంటికి తెచ్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి. ఆ ఇద్దరిలో నేను ఎవరిని?

రోడియో గురించి ఒక సంగతి మొదట్లో చెప్పలేదు. అక్కడ గిత్త మీద ఎక్కినవాడికి నూటికి మార్కులు వేస్తారు. అందులో యాభై మాత్రమే మనిషివి. మిగతా యాభై గిత్తవి. అది ఎంత బలంగా ఎగిరిందో దానికి కూడా లెక్క ఉంటుంది. ఆ ఆట మంచిదని అనడం లేదు. కానీ మన ఇళ్ళలో, మన సంఘాల్లో, లాగేవాళ్ళ వంతు ఎంతని ఎప్పుడైనా లెక్క వేశామా? పిల్లవాడికి మార్కులొస్తే మా పెంపకం అంటాం, తగ్గితే వాడి బద్ధకం అంటాం. సంఘం పెరిగితే నా పరిచర్య అంటాం, ఒకరు రాకపోతే వారి అవిశ్వాసం అంటాం.

మన సంఘంలో ఒక సహోదరి కొన్ని వారాలుగా ఆరాధనకు రావడం లేదు. క్రిస్మస్ తర్వాతి ఆదివారం పేరు చెప్పకుండా ఆమెను ఉద్దేశించి నేను పులిపీఠం మీద నుంచి ఒక మాట అన్నాను. విన్నవాళ్ళకు ఎవరో అర్థమైంది. ఈ మంగళవారం ఆమె ఇంటికి వెళ్ళాను. రోల్డ్ గోల్డ్ పని చేసుకుంటూ కూర్చుని ఉంది. ఎందుకు రావడం లేదని అడగలేదు. ఎలా ఉన్నావమ్మా అని అడిగాను. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది ఆమెది. ముల్లు ఉందని మాత్రం చెప్పగలను. ఆ ఆదివారం నేనన్న మాటకు ఆమె దగ్గర క్షమాపణ అడిగాను. మీరందరూ విన్నారు కాబట్టి మీ ముందు కూడా అడుగుతున్నాను.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఆగిపోయి ఉంటారు. చదువులో ఆగిన పిల్లవాడు, మాట్లాడడం ఆపేసిన భార్య, అన్నం సగంలో వదిలేస్తున్న ముసలి తండ్రి, ప్రార్థనకు రాని అన్న. కర్ర ఎత్తకముందు దిగి చూడండి. లాంతరు తీసుకుని దిగండి. మత్తయి 11వ అధ్యాయం చివర ప్రభువు ప్రయాసపడి భారం మోస్తున్నవారిని తన కాడి ఎత్తుకోమన్నాడు. కాడి అనే అన్నాడు, మోయవద్దు అనలేదు. అయితే ఆ కాడి పట్టినవాడు సాత్వికుడు. మనం మోకాళ్ళ మీద కూలబడినప్పుడు ఆయన కర్ర తీయలేదు. వంగి మన కాళ్ళ దగ్గర చూశాడు. యోహాను 13లో అయితే ఆ కాళ్ళు పట్టుకుని కడిగాడు.

మా చిన్నది నిన్న మళ్ళీ స్టూళ్ళ ఆట ఆడింది. ఒకటి పడిపోయింది. అది ఈన పక్కన పెట్టి, స్టూలుని తిరగేసి, నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటిగా చూసింది. "దీనికి ముల్లు లేదు డాడీ. ఊరికే పడుకుంది" అంది. "అయితే కాసేపు పడుకోనీ" అన్నాను.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, నీవు మాకు అప్పగించినవారిని మా నడకతో కాక వారి నడకతో నడిపించే ఓర్పు మాకు దయచేయుము. మేము కొట్టిన చోట నీవు కట్టు కట్టుము. ఆగినవారి యొద్ద దిగి చూచు కన్నులు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీ కుటుంబాలకు తోడై యుండును గాక. వచ్చే ఆదివారం ఆరాధనలో కలుసుకుందాం.